నల్లరేగడి నుంచి వాగుల దాకా: ఆఫ్‌రోడ్ పికప్ సంరక్షణ, మార్పులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు ఏ బండిని దృష్టిలో పెట్టుకుని రాసినవి?

ప్రధానంగా ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్‌ను. ఇప్పటి తిరుపతి జిల్లాలోని శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారయ్యే ఈ పికప్‌ను మన దగ్గర పొలాలు ఉన్నవారు, కాంట్రాక్టు పనులు చేసేవారు, కొండదారుల ప్రయాణాలంటే ఇష్టపడేవారు కొంటున్నారు. నేను 2.5 లీటర్ల డీజిల్ ఇంజను ఉన్న పాత తరం బండిని నంద్యాల చుట్టుపక్కల నల్లరేగడి పొలాల్లోనూ, ఏడాదికి ఒకటి రెండు సార్లు మారేడుమిల్లి, పాడేరు వైపు కొండల్లోనూ నడుపుతుంటాను. నిచ్చెన ఆకారపు ఛాసిస్, ముందు చక్రాలకు విడివిడిగా కదిలే సస్పెన్షన్, వెనక లీఫ్ స్ప్రింగులు, అవసరమైనప్పుడే ముందు చక్రాలకు శక్తి అందించే 4×4 ఏర్పాటు టొయోటా హైలక్స్‌లో కూడా ఉన్నాయి కాబట్టి ఇక్కడ రాసినదాంట్లో చాలా భాగం ఆ బండికీ వర్తిస్తుంది.

కొత్త 4×4 పికప్ కొన్నాను. మొట్టమొదట ఏ మార్పు చేయించాలి?

మొదటి ఏడాది బండికి ఏ మార్పూ చేయించవద్దని నా సలహా. ఆ డబ్బులో కొంత పెట్టి మంచి గాలి కంప్రెసర్ ఒకటి, నమ్మకమైన ప్రెషర్ గేజ్ ఒకటి, ఒక పార, ఇసుకలో, బురదలో చక్రాల కింద పెట్టే పలకలు రెండు, బరువు తట్టుకునే లాగుడు పట్టీ ఒకటి కొనండి. ముందూ వెనకా ఛాసిస్‌కు బిగించిన కొక్కేలు సరైనవేనా అన్నది చూసుకోండి. రవాణా సమయంలో బండిని కట్టిపెట్టడానికి కంపెనీ ఇచ్చే సన్నటి కడ్డీ రింగులను లాగుడు కొక్కేలు అనుకుని పొరబడేవారు చాలామంది ఉన్నారు. ఆ రింగులు కూరుకుపోయిన బండి బరువును మోయలేవు.

ఏడాది గడిచేసరికి మీ బండి ఎక్కడ నేలకు తగులుతోందో, ఎక్కడ జారుతోందో, నిజంగా ఏ లోటు మిమ్మల్ని ఆపుతోందో అనుభవంలోకి వస్తుంది. అప్పుడు చేయించే మార్పు ఇతరుల బండ్లను చూసి చేయించినది కాకుండా మీ దారికి తగినదవుతుంది.

టైర్లలో గాలి ఎంత ఉంచాలి?

ఆఫ్‌రోడ్‌లో పైసా ఖర్చు లేకుండా అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చే పని గాలి తగ్గించడమే. తారురోడ్డు మీద డ్రైవరు తలుపు చట్రానికి అంటించిన పట్టికలోని అంకెనే పాటించాలి. రాళ్ల దారి, ఎర్రమట్టి బండ్లబాట వస్తే 25 పీఎస్‌ఐ దాకా, మెత్తటి ఇసుక వస్తే 16 నుంచి 18 దాకా దించవచ్చు. గాలి తగ్గినప్పుడు టైరు నేల మీద వెడల్పుగా పరుచుకుంటుందని చాలామంది అనుకుంటారు గానీ, నిజానికి అది పెరిగేది ఎక్కువగా పొడవులోనే; ట్రాక్టరు గొలుసు పట్టాలాగా నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది. బండి బరువు ఎక్కువ చోటు మీద పంచుకోబడి ఇసుకలో కూరుకుపోదు, రాయి మీద సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) వంగి దెబ్బను కాచుకుంటుంది.

అయితే 15 పీఎస్‌ఐ కన్నా దిగువకు వెళ్తే, గట్టిగా స్టీరింగు తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. గాలి తగ్గించిన టైర్లతో వేగంగా వెళ్లకూడదు, మలుపుల్లో విసురుగా తిప్పకూడదు. తారురోడ్డు ఎక్కగానే, పక్క ఊరి పంక్చరు షాపు దాకా వెళ్దాంలే అనుకోకుండా, అక్కడే ఆగి గాలి పట్టుకోవాలి. తక్కువ గాలితో ఎండలో 80 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తిన టైరు లోపలే వేడెక్కి పొరలు విడిపోతుంది. పైకి ఏమీ కనిపించదు. వారం తర్వాత హైవే మీద పేలుతుంది.

పెద్ద టైర్లు వేయించవచ్చా?

లెక్క వేసి చూద్దాం. కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్17 టైరు వ్యాసం దాదాపు 763 మిల్లీమీటర్లు. చాలామంది కోరుకునే 265/70 ఆర్17 టైరు వ్యాసం దాదాపు 803. తేడా 40 మిల్లీమీటర్లు, కానీ అందులో సగమే ఇరుసు కిందికి చేరుతుంది కాబట్టి మీరు సంపాదించే ఎత్తు 20 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పు. దానికి బదులుగా చక్రం చుట్టుకొలత 5 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు చూపించే అంకెకూ అసలు వేగానికీ మధ్య లెక్క ఆ మేరకు మారిపోతుంది, ఓడోమీటరు తక్కువ తిరుగుతుంది, గేర్లన్నీ కొంచెం బరువెక్కినట్టు అనిపిస్తాయి, బ్రేకు వేసినప్పుడు ఆగే దూరం పెరుగుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి గోతిలోకి దిగినప్పుడు టైరు లోపలి ప్లాస్టిక్ లైనరుకు రాసుకోవచ్చు.

అందుకే సైజు పెంచడం కన్నా రకం మార్చడం మేలంటాను. అదే సైజులో ఆల్-టెరైన్ రకం టైరు వేయించుకుంటే రాళ్లలో సైడ్‌వాల్ నిలబడుతుంది, తడి మట్టిలో పట్టు దొరుకుతుంది. లోతైన గాడులున్న మడ్-టెరైన్ రకం హైవే మీద హోరెత్తుతుంది, వాన పడ్డ తారురోడ్డు మీద తొందరగా జారుతుంది. ఏడాదిలో ఎక్కువ కిలోమీటర్లు తారు మీదే తిరిగే బండికి అది తగదు. స్టెప్నీ కూడా అదే సైజు, అదే రకం ఉండాలన్నది మరవకండి. నాలుగు చక్రాల్లో ఒకటి వేరే వ్యాసంతో ఉండగా 4×4 వేస్తే ఆ తేడా అంతా గేరు బాక్సు వెనక ఉండి శక్తిని రెండు ఇరుసులకూ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు భరించాల్సి వస్తుంది.

సస్పెన్షన్ ఎత్తు పెంచితే ఏమవుతుంది?

ముందు చక్రాల సస్పెన్షన్ విడివిడిగా కదిలే బండ్లలో 40, 50 మిల్లీమీటర్ల దాకా ఎత్తడం సాధ్యమే. అంతకు మించితే ముందు యాక్సిల్ షాఫ్టుల కోణం నిటారవుతుంది. షాఫ్టు చివర గ్రీజును పట్టి ఉంచే రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని కొన్ని నెలల్లో చిరుగుతాయి; ఆ చిరుగులోంచి గ్రీజు బయటికి, బురద లోపలికి పోతాయి. ఆ తర్వాత మలుపు తిరిగినప్పుడల్లా టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది. పై కంట్రోల్ ఆర్మ్ బాల్ జాయింటు కూడా తన హద్దు దాకా వంగి ఉంటుంది.

స్ప్రింగు మీద ఇనుప బిళ్ల పెట్టి ఎత్తే చవక పద్ధతిని నేను సమర్థించను. అది ఎత్తునిస్తుంది గానీ, చక్రం కిందికి దిగే కదలికను తినేస్తుంది. గోతుల్లో చక్రం నేలను వెతుక్కుంటూ కిందికి దిగాలి. ఆ దిగుడు లేని బండి చూడటానికి ఎత్తుగా ఉంటుంది, నడిచేటప్పుడు ఒక కాలు గాలిలో పెట్టుకుని ఆగిపోతుంది. ఎత్తు కావాలంటే స్ప్రింగులు, షాక్ అబ్సార్బర్లు జతగా మార్చాలి. వెనకవైపు లీఫ్ స్ప్రింగులు, లారీ మెకానిక్‌ల మాటలో చెప్పాలంటే కమాన్ కట్టలు, మీరు మామూలుగా మోసే బరువుకు తగినవి ఎంచుకోవాలి. ఖాళీగా తిరిగే బండికి గట్టి కట్టలు వేయిస్తే వెనక చక్రాలు గతుకుల్లో ఎగిరి పట్టు పోగొట్టుకుంటాయి.

పని పూర్తయ్యాక వీల్ అలైన్‌మెంటు చేయించాలి, హెడ్‌లైట్ల కోణం కిందికి దించాలి. కమాన్ కట్టలను ఇరుసుకు బిగించే యూ-బోల్టులను దాదాపు 500 కిలోమీటర్ల తర్వాత టార్క్ రెంచితో మళ్లీ బిగించాలి. ఈ చివరి పని చాలా షాపుల వాళ్లు చెప్పరు. యూ-బోల్టు వదులైతే ఇరుసు స్థానం తప్పి, కట్టల మధ్యనున్న బోల్టు తెగుతుంది.

ఎంత బరువు దాకా ఎక్కించవచ్చు? పికప్ కదా, ఎంతైనా మోస్తుంది అంటారు.

ఈ ఒక్క అపోహ పాడుచేసినన్ని బండ్లను బురద కూడా పాడుచేయలేదు. ఆర్‌సీలో ఖాళీ బరువు, పూర్తి బరువు రెండూ ఉంటాయి. వాటి మధ్య తేడాయే మనుషులూ సామానూ మార్పులూ అన్నీ కలిపి మీకున్న పరిమితి. విలాసవంతమైన వేరియంట్లలో ఆ తేడా చాలామంది అనుకునే దానికన్నా తక్కువ.

ఒక మోస్తరు ప్రయాణపు బండిని లెక్క వేయండి. ఇనుప బంపరు 60 కిలోలు, వించ్ (మోటారుతో తాడు చుట్టి బండిని లాగే యంత్రం) 35, టాప్ మీద టెంటు 60, తొట్టిపైన ఇనుప చట్రం 40, రెండు 20 లీటర్ల డబ్బాల డీజిల్ 33, నీళ్లు 40, పనిముట్లు 30. మొత్తం దాదాపు 300 కిలోలు, ఇంకా మనిషి ఎక్కనేలేదు. ఐదుగురు ఎక్కితే మరో 350. సామానంతా ఎక్కించి, డీజిల్ నిండా పోయించి, ఊరి బయట లారీల కాటా మీద ఒకసారి బండిని తూకం వేయించండి. తీసుకునేది కొద్ది రూపాయలే, తెలిసేది చాలా పెద్ద విషయం. ముందు చక్రాలను మాత్రమే కాటా మీద ఉంచి ఒకసారి, మొత్తం బండిని ఉంచి ఒకసారి తూచితే ఏ ఇరుసు మీద ఎంత పడుతోందో కూడా తెలిసిపోతుంది.

బరువు ఎక్కడ పడుతోందన్నది ఎంత బరువన్న దానికంటే ముఖ్యం. వెనక ఇరుసుకు వెనకాల, తొట్టి చివర వేలాడే ప్రతి కిలో తక్కెడ కొసన పెట్టిన రాయిలా పనిచేస్తుంది. వెనక స్టెప్నీ స్టాండు, డీజిల్ డబ్బాలు, దాని మీద కమాన్ కట్టల స్థానంలో బరువు మోయడానికి గాలి బుడగలు పెట్టుకుని గతుకుల్లో వేగంగా వెళ్లిన పికప్‌లకు క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఛాసిస్ వంగుతుంది. కట్టలు బరువును ముందూ వెనకా రెండు చోట్ల ఛాసిస్‌కు అందిస్తాయి. గాలి బుడగ ఒక్క చోటే పొడుస్తుంది. క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య ఉన్న సందు పైన ఎక్కువగా, కింద తక్కువగా కనిపించినా, తేడా కొట్టొచ్చినట్టు ఉన్నా బండిని వెంటనే ఛాసిస్ పని తెలిసిన వారికి చూపించాలి. బరువైనవన్నీ క్యాబిన్‌కు ఆనుకుని, తొట్టి అడుగున సర్దుకోండి.

టూ-హెచ్, ఫోర్-హెచ్, ఫోర్-ఎల్: ఏది ఎప్పుడు?

ఆరిన తారురోడ్డు మీద ఎప్పుడూ టూ-హెచ్ (వెనక రెండు చక్రాలకే శక్తి) మాత్రమే. ఈ తరహా 4×4లో ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ (వేగాల తేడాను సర్దే గేర్ల అమరిక) ఉండదు. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం, వెనక చక్రాలు తక్కువ దూరం తిరుగుతాయి. మట్టి మీద ఆ తేడా టైరు కాస్త జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు కాబట్టి షాఫ్టులు మెలిపడతాయి. స్టీరింగు బిగుసుకున్నట్టు, ఎవరో వెనక్కి పట్టి లాగుతున్నట్టు అనిపిస్తే అదే కారణం.

ఫోర్-హెచ్‌లోకి (నాలుగు చక్రాలకూ శక్తి) కంపెనీ పుస్తకం చెప్పిన వేగం లోపల నడుస్తూనే మార్చవచ్చు. ఫోర్-ఎల్‌లోకి (నాలుగు చక్రాలకూ శక్తి, నెమ్మదిగా బలంగా నడిపే గేర్లు) మాత్రం బండి ఆపి, న్యూట్రల్‌లో పెట్టి మార్చాలి. నిటారు దిగుడులో ఫోర్-ఎల్ మొదటి గేరు వేసి కాలు క్లచ్చు మీంచి తీసేయండి. ఇంజనే బండిని పట్టుకుంటుంది.

నెలకోసారైనా మట్టిదారి మీద కొన్ని కిలోమీటర్లు 4×4 వేసి నడపండి. ఏడాదంతా టూ-హెచ్‌లోనే తిరిగిన బండిలో 4×4ను కలిపే మోటారు, ఫోర్కులు బిగుసుకుపోతాయి; తీరా వాగు ఒడ్డున నాబ్ తిప్పితే లైటు మినుకుమినుకుమంటూ ఉంటుంది గానీ ముందు చక్రాలు కదలవు.

నల్లరేగడి బురదలో తిరిగి వచ్చాక ఎలా శుభ్రం చేయాలి?

ఈ ప్రశ్నకు నేను చాలా వివరంగా జవాబిస్తాను, ఎందుకంటే మన నేలకు సంబంధించిన సంగతి ఇది, విదేశీ వీడియోల్లో దొరకదు. నల్లరేగడి మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుని ఇటుకలా గట్టిపడుతుంది. ఎర్రమట్టి ఆరితే రాలిపోతుంది, ఇది రాలదు. సాయంత్రం ఇంటికి వచ్చి రేపు కడుగుదాంలే అనుకుంటే, మర్నాడు నీళ్లపైపుకు లొంగదు.

శనగ చేను గట్టు వెంట ఒక తడి ఉదయం నడిపి వచ్చిన మర్నాడు, కర్నూలు హైవే మీద 80 దాటగానే నా బండి స్టీరింగు వణకడం మొదలైంది. టైరు ఉబ్బిందేమో, బేరింగు పోయిందేమో అని ఆగి చూశాను. పైకి అన్ని చక్రాలూ శుభ్రంగా ఉన్నాయి. కింద పడుకుని టార్చి వేసి చూస్తే, కుడి ముందు చక్రం రిమ్ము లోపలి అంచున అరచేయంత పొడవు, రెండు వేళ్ల మందం మట్టి అచ్చు కరుచుకుని ఉంది. స్క్రూడ్రైవరుతో పెకలిస్తే ముక్కలు ముక్కలుగా, పెంకులాగా ఊడింది. చేతిలో పెట్టుకుంటే పావుకిలో ఉంటుందేమో. అది తీసేశాక వణుకు మాయమైంది. అప్పటి నుంచి బురద ప్రయాణం ముగిసిన రోజే నాలుగు రిమ్ముల లోపలి వైపూ చెక్కపుల్లతో గీకి కడుగుతాను.

మిగిలిన చోట్లలో ముఖ్యమైనది రేడియేటరు. ముందు గ్రిల్లు వెనకాల ఏసీ కండెన్సరు, దాని వెనక రేడియేటరు ఉంటాయి. రెంటి మధ్యలో చేరిన మట్టి ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి దిగుతుంది. వెనకవైపు నుంచి, తక్కువ ఒత్తిడితో, చాలాసేపు నీళ్లు పోయాలి. ప్రెషర్ వాషరు గొట్టాన్ని దగ్గరగా పెడితే సన్నటి రేకులు వంగిపోయి గాలి ఆడదు. ఛాసిస్ పెట్టె కడ్డీలకు అడుగున నీరు కారే రంధ్రాలుంటాయి; తీగతో పొడిచి తెరిచి, లోపలికి నీరు పోసి, కింది నుంచి తేటనీరు వచ్చేదాకా ఆగండి. వెనక డ్రమ్ము బ్రేకుల్లో చేరిన మట్టి షూలను ఆకురాయిలా అరగదీస్తుంది. హ్యాండ్‌బ్రేకు వేసినప్పుడు గరగరమంటే డ్రమ్ములు విప్పి శుభ్రం చేయించాల్సిందే. చివరగా ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసులకూ గ్రీజు నిపుల్ ఉన్న ప్రతి చోటా కొత్త గ్రీజు ఎక్కించండి. పాత గ్రీజూ బురదా కలిసి బయటికి వచ్చి, శుభ్రమైన గ్రీజు కనిపించేదాకా కొట్టాలి.

ఆల్టర్నేటరు, ఫ్యూజు పెట్టెల మీద మాత్రం ప్రెషర్ వాషరు పెట్టవద్దు.

వాగు దాటాలంటే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

నడిచి చూడని నీటిలోకి బండి దించకూడదు. కర్ర పట్టుకుని, రెండు చక్రాల దారుల వెంటా నడిచి, లోతూ అడుగున రాయో ఇసుకో తెలుసుకోవాలి. మనిషి నిలబడలేనంత ప్రవాహంలో బండి కూడా నిలబడదు. తూర్పు కనుమల వాగులు పైన ఎక్కడో పడిన వానకు అరగంటలో పెరుగుతాయి, కాబట్టి దాటిన నీళ్లను తిరిగి రావాల్సినప్పుడూ మళ్లీ కొత్తగా చూసుకోవాలి. స్నోర్కెల్ (ఇంజనుకు గాలిని ఎత్తు నుంచి అందించే గొట్టం) లేని బండికి చక్రం మధ్యభాగం, అంటే సుమారు మోకాలి లోతే హద్దుగా పెట్టుకోండి. హైలక్స్‌కు కంపెనీ 700 మిల్లీమీటర్లు చెబుతుంది గానీ అది నిలకడ నీటికి వర్తించే మాట, ఉరవడికి కాదు.

ఫోర్-ఎల్‌లో రెండో గేరు వేసి, మనిషి వేగంగా నడిచినంత వేగంతో, బానెట్టు ముందు చిన్న అల ఏర్పడేలా, మధ్యలో క్లచ్చు నొక్కకుండా దాటాలి. ఇంజను నీటిలో ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టవద్దు. సిలిండరులోకి నీరు చేరి ఉంటే, గాలిలాగా నీరు నొక్కుకుపోదు కాబట్టి కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. లాగి ఒడ్డుకు చేర్చి, ఎయిర్ ఫిల్టరు తెరిచి చూసి, తడిగా ఉంటే ఇంజక్టర్లు విప్పి నీరు బయటికి పంపించిన తర్వాతే తిప్పాలి.

కనిపించని నష్టం మరొకటి ఉంది. హైవే మీద గంటసేపు వచ్చి వేడిగా ఉన్న వెనక డిఫరెన్షియల్ హౌసింగు చల్లటి నీటిలో మునిగినప్పుడు లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, బ్రీదరు (హౌసింగులోకి గాలి ఆడే రంధ్రం) గుండానో సీలు గుండానో నీటిని లోపలికి పీల్చుకుంటుంది. మారేడుమిల్లి దగ్గర రెండు చిన్న వాగులు దాటి వచ్చిన నెలకు ఆయిల్ మార్పించడానికి డ్రెయిన్ బోల్టు విప్పితే, నల్లగా జిగటగా రావాల్సిన ఆయిల్ పాలెక్కువైన టీ రంగులో కారింది. ఆ నెలరోజులూ లోపలి క్రౌన్, పినియన్ గేర్లు ఆ మిశ్రమంలోనే తిరిగాయి. తర్వాత బ్రీదరుకు రబ్బరు గొట్టం తగిలించి పైకి, తొట్టి అంచు దాకా తెచ్చుకున్నాను. ఇది చాలా చవకైన మార్పు, స్నోర్కెల్ కన్నా ముందు చేయించుకోవాల్సింది. నీటికి ముందు పది నిమిషాలు బండిని చల్లబరచండి. లోతైన నీరు దాటాక వారం లోపల ముందూ వెనకా డిఫరెన్షియళ్ల ఆయిల్ కాస్త తీసి రంగు చూడండి.

వెనక రెండు చక్రాలనూ కలిపి ఒకే వేగంతో తిప్పే డిఫరెన్షియల్ లాకు లేకపోతే బండి పనికిరాదా?

పనికొస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న వేరియంట్లలో ఊరికే తిరిగే చక్రానికి బండే బ్రేకు వేసి ఎదుటి చక్రానికి శక్తి పంపుతుంది. దానికి ఒకటి రెండు క్షణాలు అలా తిరగనివ్వాలి, భయపడి యాక్సిలరేటరు వదిలేస్తే అది పనిచేయదు. బయటి లాకు వేయించడం ఖర్చుతో కూడిన పని, హౌసింగు విప్పి క్రౌన్-పినియన్ సందును కొలిచి సరిచేయగల చేయి దొరికితేనే చేయించండి.

సర్వీసు ఎన్ని కిలోమీటర్లకు చేయించాలి?

కంపెనీ చెప్పే వ్యవధి మామూలు రోడ్లకు. దుమ్ము, బురద, బరువు ఎక్కువగా ఉండే వాడకానికి దాన్ని సగం చేసుకోండి. ఎయిర్ ఫిల్టరును మాత్రం ప్రతి ప్రయాణం తర్వాతా తెరిచి చూడాలి. దుమ్ము దారిలో ముందు బండి వెనకాలే నడిస్తే ఒక్క రోజులో నిండిపోతుంది. దాన్ని గాలితో ఊదేటప్పుడు లోపలి నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో ఊదాలి. బయటి నుంచి ఊదితే కాగితంలో కంటికి కనపడని చిల్లులు పడి, సన్నటి దుమ్ము టర్బో దాటి సిలిండర్లలోకి చేరుతుంది. పెట్టె మూత క్లిప్పులు సరిగా పడ్డాయా, రబ్బరు అంచు మెలిపడిందా అన్నది వేలితో తడిమి చూడండి.

డీజిల్ ఫిల్టరు అడుగున చేరే నీటిని పుస్తకం చెప్పినట్టు తీసేయండి. డబ్బాల్లో, డ్రమ్ముల్లో నిలవ ఉంచిన డీజిల్‌ను వడగట్టకుండా ఎప్పుడూ పోయవద్దు. కామన్ రైల్ ఇంజక్షన్ పంపు నీటినీ నలుసునూ సహించదు, దాని మరమ్మతు ఇంజను పనంత ఖరీదు.

బీఎస్6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరు) లైటు తరచు వెలుగుతోంది. ఆ ఫిల్టరును తీసేయించవచ్చా?

తీసేయించకూడదు, అది చట్టవిరుద్ధం, పొగ మన ఊళ్లోనే మిగులుతుంది. ఫోర్-ఎల్‌లో గంటల తరబడి నెమ్మదిగా నడిచినప్పుడు పొగగొట్టం తగినంత వేడెక్కదు, అందుకే మసి కాలిపోక నిండుతుంది. ఆఫ్‌రోడ్ రోజు ముగిశాక హైవే మీద 20 నిమిషాలు ఆగకుండా ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు దానంతటదే శుభ్రపడుతుంది. ఆ వేడి గొట్టంతో ఎండుగడ్డి మీద మాత్రం బండి నిలపవద్దు.

కూరుకుపోయిన బండిని లాగడానికి వించ్ తప్పనిసరా?

కాదు. పదింట తొమ్మిదిసార్లు పార చాలు. చక్రం తిరుగుతూ దిగబడుతోందని తెలియగానే యాక్సిలరేటరు వదిలేయండి. దిగి, చక్రాల వెనక మట్టి తవ్వి, గాలి ఇంకాస్త తగ్గించి, పలకలు పెట్టి, నెమ్మదిగా వెనక్కి, అంటే వచ్చిన గాడిలోకే, రండి.

వించ్ కొంటే బండి పూర్తి బరువుకు కనీసం ఒకటిన్నర రెట్లు లాగేది కొనాలి. రెండున్నర టన్నుల బండికి 9,500 పౌండ్లది, అంటే దాదాపు 4,300 కిలోలది సరిపోతుంది. ఆ అంకె డ్రమ్ము మీద తాడు చివరి వరస మిగిలినప్పటి బలం. పైవరసల మీద అంత లాగదు.

తాళ్ల విషయంలో నన్ను ఎంత కఠినంగా మాట్లాడమన్నా మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడ పోయేది ప్రాణం. ఒక మిత్రుడి బండిని లాగుతుండగా ట్రైలరు గుండుకు తగిలించిన పట్టీ జారింది. ఇనుప షాకిల్ (పట్టీని బిగించే యూ ఆకారపు కొక్కెం) నా తల పక్క నుంచి వెళ్లి తొట్టి తలుపుకు కొట్టుకుంది. రేకులో పడిన గుంట లోపల నా బొటనవేలు పూర్తిగా దిగుతుంది. దాన్ని ఇప్పటికీ సరిచేయించలేదు. ట్రైలరు గుండుకు గానీ, బంపరుకు గానీ, కమాన్ కట్టకు గానీ పట్టీ తగిలించవద్దు. రెండు పట్టీలను ఇనుప షాకిల్‌తో కలపవద్దు. సాగే పట్టీనీ సాగని పట్టీనీ గుర్తుపట్టడం నేర్చుకోండి: ఊపుతో లాగడానికి సాగేదే వాడాలి, వించ్‌తో కలిపి ఎప్పుడూ సాగేది వాడకూడదు. తాడు మధ్యలో తడిపిన గోనెసంచి వేయండి, తెగితే అది తాడును నేలకు కొడుతుంది. డ్రైవర్లు తప్ప మిగిలినవారంతా తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండాలి. వీడియో తీసేవారికీ ఇదే వర్తిస్తుంది.

అదనపు లైట్లు, వైరింగు?

బ్యాటరీకి దగ్గరగా ఫ్యూజు, మధ్యలో రిలే, లైటు లాగే కరెంటుకు తగిన మందం తీగ, నీరు చొరబడని కనెక్టర్లు. ఈ నాలుగింటిలో ఒకటి తగ్గినా చేయించవద్దు. నా బండికి ఒక షాపులో లైట్లు బిగించినప్పుడు ఫ్యూజు వేయకుండా తీగను బానెట్టు కీలు పక్కగా తీసుకెళ్లారు. ఆరు నెలల్లో పైతొడుగు అరిగి, రాగి బయటపడి, కాలిన వాసన వచ్చింది. బానెట్టు తెరిచి ఆ చోటును సమయానికి చూశాను కాబట్టి బండి మిగిలింది. రోడ్డు మీద ఆ లైట్లకు మూతలు వేసి ఉంచండి. ఎదురొచ్చే రెండు చక్రాల బండివాడి కళ్లు ముఖ్యం.

ఇవన్నీ చట్టప్రకారం అనుమతించినవేనా?

అన్నీ కావు. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం తయారీదారు నమోదు చేసిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు దీన్ని గట్టిగా నిలబెట్టింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షను కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. బుల్‌బార్ల (బండి ముందు బిగించే ఇనుప కడ్డీల) మీద చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది. అవి పాదచారులకు ప్రమాదకరం, ఎయిర్‌బ్యాగు సెన్సార్ల పనికీ అడ్డు. ముందువైపు స్పాట్ లైటు బిగించడాన్ని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989 ముందస్తు అనుమతి లేకుండా ఒప్పుకోవు.

అందుకే ఎత్తు, టైరు వ్యాసం, బంపరు, రంగు లాంటివి మార్చేముందు రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. మీ మోడల్‌లోని మరో వేరియంటుకు కంపెనీయే ఇచ్చిన టైరు సైజులోకి మారడం నిశ్చింతైన దారి. బ్రీదరు గొట్టాలు, కింద రక్షణ పలకలు, కంప్రెసరు, తొట్టిలో సామాను పట్టీలు బండి రూపాన్ని మార్చవు, మన దారులకు ఎక్కువ ఉపయోగపడేవీ అవే.

బీమా వర్తిస్తుందా?

సాధారణ పాలసీలో నీరు చేరి ఇంజను పాడైతే సాధారణంగా రాదు. ఇంజను రక్షణ అదనపు కవరు తీసుకోవాలి. బిగించిన వస్తువుల విలువ పాలసీలో చేర్పించండి. పోటీల్లో పాల్గొన్నప్పుడు జరిగిన నష్టాన్ని పాలసీలు మినహాయిస్తాయి.

సముద్రపు ఇసుకలో నడపవచ్చా?

సూర్యలంక లాంటి తీరాల్లో సరదాగా అనిపిస్తుంది గానీ ఉప్పునీరు ఛాసిస్‌కు శత్రువు. తగిలితే ఆ సాయంత్రమే మంచినీటితో అడుగుభాగమంతా, పెట్టె కడ్డీల లోపల కూడా కడగాలి, బ్రేకు పైపుల కీళ్లు చూడాలి. అంతకన్నా పెద్ద సంగతి: శీతాకాలం చివర నుంచి వేసవి మొదలు దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఇసుకలో గుడ్లు పెడతాయి. గూడు పైకి కనిపించదు, టైరు కింద నలిగిందని తెలియను కూడా తెలియదు. ఆ నెలల్లో తీరం మీదికి బండి తీసుకెళ్లవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

అడవుల్లో నడిపే దారులు చెబుతారా?

చెప్పను. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో అనుమతి లేని దారుల్లోకి వెళ్లడం వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద నేరం. నల్లమలలో ఒక బండి వేసిన గాడిని వానాకాలం వాగుగా మారుస్తుంది. సొంత పొలం, యజమాని అనుమతి ఉన్న బీడు భూమి, ఊరి బండ్లబాట చాలు. వాన పడ్డ నల్లరేగడిలో రెండెకరాలు నేర్పినంత డ్రైవింగు మరే అడవీ నేర్పదు.

ఆఫ్‌రోడ్ చేసిన పాత పికప్ కొంటున్నాను. ఏం చూడాలి?

పెయింటు చూడటం ఆపి కింద పడుకోండి. ఛాసిస్ మీద కొత్తగా నల్లరంగు పూసి ఉంటే ఎందుకు పూశారో అడగండి. క్యాబిన్ వెనక వెల్డింగు అతుకులు, కంట్రోల్ ఆర్ముల మీద దెబ్బలు, యాక్సిల్ బూట్ల చుట్టూ చిమ్మిన గ్రీజు చూడండి. సీటుబెల్టును చివరి దాకా బయటికి లాగి అడుగు మడతల్లో బురద గీతలున్నాయేమో చూడండి. సీట్లు కడగగలరు గానీ బెల్టు చుట్ట లోపలి దాకా ఎవరూ కడగరు. మట్టిదారి మీద ఫోర్-ఎల్ వేయించి ముందుకూ వెనక్కీ నడపండి. చివరగా వెనక డిఫరెన్షియల్ ఫిల్లర్ బోల్టు విప్పించి, చిటికెన వేలు లోపల పెట్టి, అంటిన ఆయిల్‌ను తెల్లగుడ్డకు తుడిచి రంగు చూడండి.